పాస్ ఇచ్చినవాడే పూచీదారా? విమాన సంస్థల సిబ్బంది ప్రయాణ విభాగాలకు బహిరంగ లేఖ

విమాన సంస్థల్లో ఉద్యోగుల ప్రయాణ సదుపాయాల వ్యవహారం చూసే అధికారులందరికీ,

నమస్కారం. నేను బోర్డింగ్ గేటు దగ్గర పనిచేసే ఉద్యోగిని. మీరు ఏటా ఇచ్చే గెస్ట్ పాస్‌లను, అంటే సీటు మిగిలితే తక్కువ చార్జీతో ప్రయాణించే వీలును, స్నేహితులకూ చుట్టాలకూ పంచేవాణ్ణి కూడా. స్టాండ్‌బై జాబితాలో, అంటే ఖాళీ మిగిలితేనే ఎక్కేవాళ్ల జాబితాలో, పేర్లు పిలిచేదీ నేనే, పిలుపు రాక మిగిలిపోయినవాళ్లకు ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకునేదీ నేనే. ఈ రెండు పనులూ చేస్తున్నందువల్ల కనిపించిన ఒక లోపం గురించి రాస్తున్నాను. ఏదో ఒక్క సంస్థను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. చిన్న చిన్న తేడాలున్నా పద్ధతి చాలాచోట్ల ఇదే.

గెస్ట్‌లకు వరుసలో ముందు చోటివ్వమని అడగడం లేదు. పూర్తి డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడు ముందు ఎక్కాలి. కనెక్షన్ తప్పినవాళ్లకూ, ఫ్లైట్ రద్దయి తర్వాతి ఫ్లైట్‌కు మారినవాళ్లకూ ఆ తర్వాత చోటు దొరకాలి. వాళ్లకు సర్దాక మిగిలినవాటిలో సొంత పని మీద వెళ్లే ఉద్యోగి, అతని భార్యాపిల్లలు, తల్లిదండ్రులు, రిటైరైన పాతవాళ్లు. అందరూ అయ్యాకే గెస్ట్. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఈ మెట్లను డీ1, డీ2, డీ3 అంటారు, గెస్ట్‌లది డీ3. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్లలో ఎవరు ముందన్నది కొన్నిచోట్ల చెక్-ఇన్ చేసిన సమయాన్ని బట్టి, కొన్నిచోట్ల ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి తేలుతుంది. ఇదంతా న్యాయమే. పాతికేళ్లు సర్వీసు చేసినవాడు గేటు దగ్గర నిలబడి ఉండగా, నా కాలేజీ మిత్రుడు అతన్ని దాటుకుని ఎక్కేస్తే నాకే బాగుండదు.

నా ఫిర్యాదల్లా ఇది. ఎక్కకుండా మిగిలిపోయే ప్రమాదం గెస్ట్‌ది. అది ఎంతో అంచనా వేయడానికి కావలసిన లెక్కలు ఉద్యోగి దగ్గర. నిబంధనలు రాసింది మీరు. ఏ తేడా వచ్చినా శిక్ష మళ్లీ ఉద్యోగికే. మీరు గెస్ట్‌తో నేరుగా ఒక్క మాటా మాట్లాడరు, చెప్పాల్సిందంతా నా నోటితోనే చెప్పిస్తారు.

నేనేమో మొహమాటస్తుణ్ణి. చాలామంది అంతే. పాస్ అడిగేది చిన్నప్పుడు నన్నెత్తుకు తిప్పిన అత్తయ్యో, ఇల్లు మారిన రోజు సామాన్లు మోసిన మిత్రుడో అయినప్పుడు "సెలవుల్లో ఈ పాస్ మీద మీరు వెళ్లలేరు" అని మొహం మీద చెప్పడం తేలిక్కాదు. "ఆ వారం కాస్త కష్టమే అత్తయ్యా, అయినా చూద్దాం" అంటాను. ఆవిడకు వినిపించేది "చూద్దాం" ఒక్కటే. తక్కువ ధరకు టికెట్ దొరికిందనుకుంటుంది. అసలది టికెట్టే కాదు, తలుపు మూసే వేళకు ఖాళీ మిగిలితే ఎక్కించుకుంటామన్న మాట, అంతే. ఆ మాటను మీ ముద్రతో, మీ భాషలో మీరే చెబితే నాకూ ఆవిడకూ మధ్య మాట పట్టింపు రాదు.

గెస్ట్ చేతిలో ఇవాళ ఉన్నదల్లా మీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించే సీట్ మ్యాప్. పెద్ద మోసం అదే. మ్యాప్‌లో ఖాళీగా కనిపించిన గడి అమ్ముడుపోని సీటు కాదు, ఎవరికీ కేటాయించని సీటు మాత్రమే. చవక రకం టికెట్ కొన్నవాళ్లలో చాలామందికి సీటు నంబరు చెక్-ఇన్ అప్పుడో, గేటు దగ్గరో గానీ రాదు. మ్యాప్‌లో ముప్పై గడులు తెరిచి ఉన్న విమానంలో నిజానికి ఒక్క సీటూ మిగలకపోవచ్చు. కొన్నిసార్లు సీట్లకంటే టికెట్లే ఎక్కువ అమ్ముడై ఉంటాయి. రాకుండా పోయేవాళ్ల మీద లెక్క వేసుకుని మనం కావాలనే ఎక్కువ అమ్ముతాం కదా. అదే విమానం నా తెరమీద పూర్తిగా వేరుగా ఉంటుంది. ఎన్ని సీట్లు, ఎన్ని బుక్కయ్యాయి, ఎంతమంది చెక్-ఇన్ అయ్యారు, స్టాండ్‌బైలో ఎందరు, అందులో ఏ మెట్టు మీద ఎవరున్నారు, అన్నీ కనిపిస్తాయి. గెస్ట్ మ్యాప్ చూసి "ఇన్ని ఖాళీలున్నాయిగా!" అంటాడు. నేను నా తెర చూసి నీళ్లు నములుతాను.

అందుకే పాస్ ఇచ్చిన రోజు నుంచి ప్రయాణం ముగిసేదాకా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. లోడ్ ఎంతుంది, అంటే విమానం ఎంత నిండింది? మధ్యాహ్నం దానికి మారిస్తే మేలా? వేరే ఊరి మీదుగా పోతే? నేను గేటు దగ్గర మరో విమానం బోర్డింగ్‌లో మునిగి ఉన్నప్పుడే ఇవన్నీ. "నీ పాస్‌వర్డ్ ఇచ్చెయ్, మేమే చూసుకుంటాం" అన్నవాళ్లూ ఉన్నారు. ఇస్తే ఉద్యోగానికే ముప్పని వాళ్లకు తెలియదు. తెలిసేలా మీరు ఎక్కడా చెప్పలేదు. సిబ్బందికి కూడా ఈ సమాచారం ఎంత అపురూపమో చూడండి. ఒక సంస్థ ఉద్యోగి మరో సంస్థ విమానంలో స్టాండ్‌బై వెళ్లాలంటే స్టాఫ్‌ట్రావెలర్ వంటి యాప్‌లో ప్రశ్న పెట్టి, ఆ సంస్థలో పనిచేసే ముక్కూమొహం తెలియనివాళ్లు లోడ్ చూసి చెప్పేదాకా కాచుకుంటున్నాడు. లోపలివాళ్ల గతే ఇదైతే గెస్ట్ సంగతి చెప్పాలా?

మీలో కొందరంటారు, ఎప్పుడూ నడుస్తున్నదేగా, ఇప్పుడు కొత్తగా వచ్చిన కష్టమేమిటని. కష్టం వచ్చింది విమానాలు నిండడం వల్ల. అమెరికాలో 1978లో విమానయానంపై నియంత్రణలు ఎత్తేయకముందు చార్జీలను ప్రభుత్వమే నిర్ణయించేది. 1970లలో సగటున సగానికి కాస్త అటూ ఇటూగా సీట్లు నిండేవి. అప్పట్లో స్టాండ్‌బై అంటే దాదాపు సీటు దొరికినట్టే. ఇప్పుడో? అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా సగటున 83.5 శాతం సీట్లు నిండాయి. అప్పటికి అదే రికార్డు. పైగా అది సగటు. ఎవరికీ అక్కర్లేని వారం మధ్య రోజుల ఫ్లైట్లనూ, పండగ ముందు శుక్రవారం సాయంత్రం ఫ్లైట్‌నూ కలిపి తీసిన లెక్క. గెస్ట్‌కు ప్రయాణం పడేది ఎప్పుడూ రెండో రకం రోజునే. పాస్ పద్ధతి మాత్రం సగం ఖాళీ విమానాల కాలం నాటి ధీమాతో ఇంకా నడుస్తోంది.

ఒక ఫ్లైట్ తప్పితే తర్వాతిది ఉందిగా అనుకుంటారు గెస్ట్‌లు. ఆ తర్వాతిది ఎలా ఉంటుందో గేటు దగ్గర రోజూ చూస్తాను. పొద్దున ఫ్లైట్‌లో మిగిలినవాళ్లంతా మధ్యాహ్నం దాని జాబితాలోకి వచ్చి చేరతారు. ఆ వేళకు కొత్తగా లిస్ట్ చేసుకున్న, అంటే జాబితాలో పేరు ఎక్కించుకున్న ఉద్యోగులు వాళ్లకంటే పై మెట్టు మీద ఉంటారు. అందువల్ల పొద్దున అయిదో నంబరులో ఉన్న గెస్ట్ మధ్యాహ్నానికి తొమ్మిదో నంబరుకు దిగజారడం మామూలే. ఎక్కడో గాలివాన వచ్చి ఒక పెద్ద విమానం రద్దయిందనుకోండి, అందులోని నూట ఎనభై మందినీ తర్వాతి ఫ్లైట్లలో సర్దాలి. ఇక రెండు రోజుల పాటు గెస్ట్ సంగతి తలచుకోనక్కర్లేదు. రోజులో మొదటి ఫ్లైట్‌కు లిస్ట్ చేసుకొమ్మని, చివరిదాని మీద ఆశ పెట్టుకోవద్దని మేం చెప్పేది ఇందుకే. ఇది చెబితే కొందరు "అంత పొద్దున్నే లేవలేం" అంటారు. వాళ్లకు పాస్ ఇవ్వకపోవడమే ఉత్తమం.

అన్నిటికంటే వివరించడం కష్టమైనది బరువు సంగతి. విమానంలో సీట్లు ఖాళీగా ఉంటాయి, అయినా ఎక్కించం. ఎండ ముదిరినప్పుడు గాలి పలచబడుతుంది, రెక్కలకు విమానాన్ని పైకెత్తే బలం చాలదు, ఇంజన్ల బలమూ తగ్గుతుంది. గమ్యం దగ్గర వాతావరణం బాగోలేకపోతే మరో విమానాశ్రయం దాకా వెళ్లడానికి సరిపడా ఇంధనం అదనంగా పోయాలి. రన్‌వే పొట్టిదైతే ఇంకో ఇబ్బంది. అప్పుడు మనుషుల్నో సరుకునో తగ్గించక తప్పదు. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 119 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినప్పుడు చిన్న ప్రాంతీయ జెట్‌లను ఎగరనివ్వకుండా ఆపేయాల్సి వచ్చింది, ఆ విమానాలకు అనుమతించిన ఉష్ణోగ్రతే దాటిపోయింది కాబట్టి. అంత దూరం రాకపోయినా మామూలు వేసవి మధ్యాహ్నాల్లో పదిమందిని తగ్గించడం సాధారణం. ఆ పదిమందిలో మొదట పోయేది స్టాండ్‌బైవాళ్లే. జెట్‌బ్రిడ్జి, అంటే గేటు నుంచి విమానంలోకి నడిచే దారి తలుపు మూస్తుంటే అద్దంలోంచి ఖాళీ వరుసలు కనిపిస్తాయి. గెస్ట్ నావైపు చూసే చూపు వేరేగా ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదనుకుంటాడు. నా చేతిలో ఏ వరమూ లేదని అతనికి ఎవరు చెప్పాలి?

ఎక్కి కూర్చున్నాక కూడా పని అయిపోయినట్టు కాదు. పరిగెత్తుకొచ్చిన టికెట్ ప్రయాణికుడు చివరి క్షణంలో గేటు దగ్గరికి చేరితే, సీటు బెల్టు పెట్టుకున్న గెస్ట్‌ను లేపి దించాల్సి వస్తుంది. 2017 ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానం నుంచి ఒక డాక్టర్‌ను ఈడ్చుకుపోయిన తర్వాత చాలామందికి ఒక అపోహ పట్టుకుంది, సిబ్బంది బంధువుల కోసం డబ్బు కట్టినవాళ్లను దించేస్తారని. ఆ రోజు సీట్లు కావలసి వచ్చింది మర్నాటి విమానం నడపడానికి వెళ్లాల్సిన నలుగురు డ్యూటీ సిబ్బందికి. పాస్ మీద సరదాగా వెళ్లేవాడి కోసం ఎవరినీ దించరు, దిగేది ఎప్పుడూ వాడే. (ఆ రోజు జరిగినదాన్ని నేను సమర్థించడం లేదు. ఆ వ్యవహారం గేటు దగ్గరే తేలాల్సింది, మనుషుల్ని కూర్చోబెట్టాక కాదు.)

కుటుంబంతో వెళ్లేవాళ్ల చిక్కు ఇంకొకటి. నలుగురినీ ఒకే బుకింగ్ రికార్డులో లిస్ట్ చేస్తాం. సీట్లు మూడే తేలాయి. విడిపోతారా అని అడగడానికి గేటు దగ్గర ఉండే వ్యవధి నిమిషం కూడా కాదు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేలోగా వెనకున్న ఇద్దరి పేర్లు పిలిచేస్తాం. విడిపోవడానికి సిద్ధమా, అయితే ముందు ఎవరెక్కాలి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది లిస్ట్ చేసేటప్పుడే మీ ఫారంలో అడిగేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మిగిలిపోయినవాడికి దారేమిటో కూడా చెప్పాలి కదా. గెస్ట్ పాస్ మామూలుగా ఇచ్చిన సంస్థ విమానాల్లోనే చెల్లుతుంది. ఉద్యోగులకు జెడ్ఈడీ అనే, సంస్థల మధ్య ఒప్పందాలున్నాయి, వేరే సంస్థ విమానంలోనూ దూరాన్ని బట్టి తక్కువ చార్జీతో స్టాండ్‌బై వెళ్లొచ్చు. స్నేహితులకు చాలాచోట్ల ఆ వీలు లేదు. యూరప్‌లో ఈసీ 261 నిబంధన కింద, ఎక్కనివ్వకపోయినా ఫ్లైట్ రద్దయినా ప్రయాణికులకు దక్కే పరిహారం ప్రజలకు అందుబాటులో లేని తగ్గింపు చార్జీతో వెళ్లేవాళ్లకు వర్తించదని ఆ నిబంధనలోనే రాసి ఉంది. అమెరికాలోనూ ఎక్కనివ్వనందుకు ఇచ్చే పరిహారం ఖాయమైన రిజర్వేషన్ ఉన్నవాళ్లకే. హోటల్ గది ఉండదు, భోజనం కూపన్ ఉండదు. చివరికి అప్పటికప్పుడు పూర్తి ధరకు టికెట్ కొనుక్కోవాలి. ముందే ఒకటి కొని పెట్టుకుని, అవసరం లేకపోతే రద్దు చేసుకుందామని కొందరు తెలివిగా ఆలోచిస్తారు. అమెరికాలో 24 గంటల్లో రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వెనక్కివ్వాలన్న నిబంధన నిజమే. కానీ ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు బుక్ చేస్తేనే అది పనిచేస్తుంది. గేటు దగ్గర నిలబడ్డవాడికి అది అక్కరకు రాదు. ఈ సంగతులు పాస్‌తో పాటు పంపే ఒక్క పేజీలో పెడితే మీకు పోయేదేముంది?

ఇక శిక్ష సంగతి. గెస్ట్ గేటు దగ్గర గొంతు పెంచినా, తాగి విమానంలో తూలినా, మా పాస్ సదుపాయం ఆగిపోతుంది. నాతో పాటు నా భార్యా, నా తల్లిదండ్రులూ నష్టపోతారు. 2017 మార్చిలో డెన్వర్‌లో పాస్ మీద ప్రయాణిస్తున్న ఇద్దరు ఆడపిల్లలను లెగ్గింగ్స్ వేసుకున్నారని యునైటెడ్ విమానం ఎక్కనివ్వలేదు. లోకమంతా గగ్గోలు పెట్టింది. టికెట్ కొన్నవాళ్లకు ఆ నియమం లేదని, అది పాస్ మీద వెళ్లేవాళ్లకే అని సంస్థ వివరణ ఇచ్చింది. నిబంధన మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. నాకు అక్కడ కనిపించింది ఆ పిల్లలకు విషయం గేటు దాకా తెలిసినట్టు లేకపోవడం. ఇంట్లో ఉద్యోగి చెప్పి ఉండొచ్చు, మరిచిపోయి ఉండొచ్చు. మీ దగ్గర వాళ్ల పేరు, వయసు, ఈమెయిల్ అన్నీ ఉన్నాయి. నేరుగా ఒక్క సందేశం పంపలేరా? నిబంధనలన్నీ గెస్ట్‌కు ఆయన చదవగలిగే భాషలో పంపండి, చదివి ఒప్పుకున్నాకే లిస్టింగ్ చేయండి. అప్పుడు తప్పు చేసినవాడు తన తప్పుకు తానే బాధ్యుడు. ఆయన్ను జీవితాంతం పాస్ మీద ఎక్కనివ్వకండి, నాకు అభ్యంతరం లేదు. కానీ నన్ను శిక్షించేముందు కనీసం నా మాట వినండి. పాస్‌లు అమ్ముకునేవాళ్లను ఉద్యోగంలోంచి తీసేసినా తప్పు లేదు, అది వేరే నేరం.

పన్ను విషయం చాలామంది గెస్ట్‌లకు తెలియనే తెలియదు. అమెరికాలో 1984 నాటి చట్టం ప్రకారం ఉద్యోగికీ, జీవిత భాగస్వామికీ, పిల్లలకూ ఇచ్చే ఇలాంటి ప్రయాణాల మీద పన్ను పడదు. విమానయానంలో తల్లిదండ్రులకూ ఆ మినహాయింపు ప్రత్యేకంగా ఇచ్చారు. స్నేహితుడి ప్రయాణానికి మాత్రం లేదు, దాని విలువలో అతను కట్టిన చార్జీ పోను మిగిలింది ఉద్యోగి ఆదాయంలో కలుస్తుంది. అంటే వాడు తిరిగి వస్తాడు, నేను పన్ను కడతాను. అయినా ఇస్తున్నాం, ఇష్టంతోనే ఇస్తున్నాం. జీతాల బేరం వచ్చినప్పుడు మాత్రం "మీకు పాస్‌లున్నాయిగా" అంటూ వాటిని త్రాసులో వేయకండి. మిగిలిపోయే సీటును, అదీ మిగిలితేనే ఇచ్చేదాన్ని, జీతంలో భాగంగా లెక్క కట్టడం మర్యాద కాదు.

కాబట్టి అడుగుతున్నది ఇదీ. గెస్ట్‌కు ఆయన పేరు మీదే చిన్న లాగిన్ ఇవ్వండి. అందులో ఆయన ఫ్లైట్‌కు అమ్ముడుపోని సీట్లెన్ని, ఆయన ముందు ఎందరున్నారు, వారంలో అదే రోజున అదే ఫ్లైట్‌లో ఇటీవల గెస్ట్‌లు ఎక్కగలిగారా లేదా, ఇంతే కనబడితే చాలు. ఎవరి పేర్లూ అక్కర్లేదు. ఒక ఫ్లైట్ నుంచి మరోదానికి లిస్టింగ్ మార్చుకోవడం ఆయనే చేసుకోనివ్వండి. గెస్ట్‌లు ఎక్కకూడని రోజుల జాబితా ఏడాది మొదట్లోనే అందరికీ కనబడేలా ప్రకటించండి, మేం పాస్ ఇచ్చేశాక కాదు. పాస్ చార్జీని సీటు ఖాయమయ్యాకే తీసుకోండి. ఇప్పుడు కొన్నిచోట్ల ముందే తీసుకుంటున్నారు, ఇంకొన్నిచోట్ల ఉద్యోగి జీతంలోంచే కోస్తున్నారు. ఎక్కని ప్రయాణానికి డబ్బు వెనక్కి రావాలంటే నేను ఫారం నింపాలి, గెస్ట్ ఇంకా రాలేదేమని నన్నడగాలి, నేను మిమ్మల్నడగాలి. ఫ్లైట్ వెళ్లిపోయిన క్షణంలోనే ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేదో మీ కంప్యూటర్‌కు తెలుసు. ఎక్కనివాడి డబ్బు మర్నాడు అతని ఖాతాలో పడేలా చేయడానికి నా సంతకం దేనికి?

ఇలా చేస్తే లోడ్ వివరాలు పోటీ సంస్థల చేతిలో పడతాయని మీ రెవెన్యూ విభాగం అభ్యంతరం చెప్పవచ్చు. లిస్టింగ్ ఉన్నవాడికి, అతని ఒక్క ఫ్లైట్ గురించి, ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి మాత్రమే చూపించండి. కచ్చితమైన సంఖ్య ఇవ్వడానికి చేయి రాకపోతే "అవకాశం తక్కువ" అని రాయండి. ఆ మాట మీ దగ్గర్నుంచి వెళితే మా అత్తయ్య నమ్ముతుంది.

ఇట్లు,
గేటు దగ్గర పనిచేసే, పాస్‌లు ఇచ్చే ఒక ఉద్యోగి